మొదటి వరుసలో జాగా

మా అబ్బకు వినయం గురించి మాట్లాడటమంటే మహా ఇష్టం. మొదలుపెడితే గొంతు తగ్గేది, కళ్లు సగం మూతపడేవి, కుడిచెయ్యి గుండె మీదికి పోయేది. మనిషిని అల్లా మట్టితో చేశాడనీ, మట్టి ముందు నేను వంగడమేమిటన్న గర్వంతోనే షైతాను చెడిపోయాడనీ, ఎన్ని నమాజులు చేసినా గుండెలో ఆవగింజంత అహంకారం మిగిలితే స్వర్గం తలుపు తెరుచుకోదనీ చెప్పేవాడు. అందులో తప్పేమీ లేదు. దీన్‌లో, అంటే మా మతంలో, ఉన్న మాటే చెప్పేవాడు. కానీ వింటున్నంతసేపూ నాకు కాలు నిలిచేది కాదు. లేచి నీళ్లు తాగొచ్చేదాన్ని, కూర్చునేదాన్ని, మళ్లీ లేచేదాన్ని. కడుపా కుండా అని అమ్మ గదిమేది.

సారపాకలో పేపరు మిల్లు ముందు వెదురు లారీలు, జామాయిలు లారీలు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉండే రోజులవి. అందులో కొన్ని మావి. లారీల మీద సంపాదించిన దాంతో అబ్బ మా ఇంటి వెనకున్న చిన్న మసీదుకు రేకులు వేయించాడు, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకోవడానికి నీళ్ల తొట్టి కట్టించాడు. మసీదు కమిటీకి సదరు, అంటే అధ్యక్షుడు, కూడా ఆయనే. గురువారం సాయంత్రం తనే చీపురు పట్టి మసీదు ఊడ్చేవాడు. మంచి పనే. కాకపోతే సరిగ్గా నమాజు అయి జనం బయటికొచ్చే వేళకే ఆ చీపురు ఆయన చేతికి వచ్చేది. చూసినవాళ్లు పరుగెత్తుకొచ్చి లాక్కోబోయేవారు, ఆయన ఇచ్చేవాడు కాదు. ఆ లాగులాట మా డాబా మీంచి బాగా కనిపించేది. అమ్మ బట్టలు ఆరేస్తూ, "ఇయ్యాల గూడ చీపురు దక్కలే పాపం వాళ్లకు" అనేది.

మా ఇంట్లో మాట సగం ఉర్దూ, సగం తెలుగు. నాన్న అబ్బ, అమ్మ అమ్మే. అబ్బ గొప్పగా మాట్లాడాలంటే ఉర్దూలోకి పోయేవాడు. అమ్మకు కోపమొస్తే తెలుగులోకి వచ్చేది. అందుకే నాకు యాదున్న మాటల్లో ఎక్కువ భాగం తెలుగే.

నేను హైస్కూల్లో ఉండగా, ఒక శుక్రవారం జుమ్మా నమాజులో ఒక సంగతి జరిగింది. పరుపులు కుట్టే ఆయన ఒకాయన మా వాడకట్టు చివర ఉండేవాడు. దూదేకులాయన. వాళ్ల ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. మాలాంటి ఉర్దూ ఇళ్లల్లో వాళ్ల సలామును వెక్కిరించి నవ్వుకునేవాళ్లు. దేవుడి ముందు అందరూ ఒకటే అంటూనే వాళ్లతో పెళ్లిసంబంధాల మాట వస్తే మొహాలు తిప్పుకునేవాళ్లు. ఆ రోజు ఆయన అందరికంటే ముందొచ్చి మొదటి వరుసలో, ఇమాము వెనకాలే కూర్చున్నాడు. ఆ చోట ఎప్పుడూ అబ్బ కూర్చుంటాడు. అబ్బ వచ్చి, ఆయన భుజం మీద వేలు ఆనించి, వెనక్కి పొమ్మని సైగ చేశాడు. ఆయన లేచి వెనక్కి పోయాడు. అంతే. కేక లేదు, తిట్టు లేదు. ఆ తర్వాత ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆయన మా మసీదు గడప తొక్కలేదు.

ఆయన బిడ్డ, నేను ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. సోమవారం బడికి రాగానే "మీ అబ్బ మా నాయనను లేపిండట" అంది. నేను ఏమంటానోనని నా మొహంలోకి చూసింది. నాకు సంగతే తెలియదు, ఏమంటాను? సంచీ తీసుకుని వెనక బెంచీకి పోయింది. కొన్నాళ్లకు వాళ్లు ఊరే ఖాళీచేసి, ఆయన అత్తగారి ఊరు ఏన్కూరు వెళ్లిపోయారు. ఒకరిని లేపి ఆ చోట కూర్చోవద్దని మన దీన్‌లో స్పష్టంగా ఉంది. మసీదులో ఎవరికీ రాసిచ్చిన జాగా ఉండదు. ఇది మదర్సాలో చిన్నపిల్లలకు చెప్పే మాట. సదరుగారికి ఎవరు చెప్తారు? ఆ సోమవారమే ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపి, మళ్లీ ఏరుకుంది.

తర్వాత కొన్నేళ్లకు, ఎనభైల మొదట్లో, అబ్బకు హజ్ ఖాయమైంది. మా చుట్టుపక్కల నుంచి పోతున్న మొదటి మనిషి ఆయనే. కొత్తగూడెంలో రైలెక్కి హైదరాబాదు, అక్కణ్నుంచి బొంబాయి, బొంబాయిలో ఓడ. ఇల్లంతా తిరునాళ్ల అయింది. అత్తరు సీసాలు తెచ్చేవాళ్లు, జపానికి తస్బీలు తెమ్మని చెప్పేవాళ్లు, మా పిల్లకు పెళ్లి కావాలని దువా చెయ్యమనేవాళ్లు. బయట గోదావరి పెరుగుతోంది, ముసురు విడవడం లేదు. లోపల ఈ జనం.

హజ్‌కు పోయేవాళ్లు బయల్దేరే ముందు ఇల్లిల్లూ తిరిగి మాఫీ అడగడం మావాళ్లలో రివాజు. 'కహా సునా మాఫ్' అంటారు. అన్నదీ విన్నదీ అన్నీ క్షమించమని. ఇది ఊరికే మర్యాదకు అనే మాట కాదు. అల్లా పట్ల చేసిన తప్పును అల్లా క్షమిస్తాడు. మనిషి పట్ల చేసిన తప్పును మాత్రం ఆ మనిషే క్షమించాలి. ఆ మనిషి నోటితో మాఫ్ అనేదాకా, కాబా చుట్టూ ఎంత తిరిగినా ఆ తప్పు తప్పుగానే ఉంటుంది.

అబ్బ గంజిపెట్టిన తెల్లబట్టలు తొడుక్కుని, జీపు మాట్లాడుకుని, వెనక కమిటీ మనుషులను ఎక్కించుకుని బయల్దేరాడు. మావాళ్ల ఇళ్లే కాదు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న రైతుల ఇళ్లకు పోయాడు, మిల్లులో పనిచేసే క్రైస్తవుల ఇళ్లకు పోయాడు. ఎక్కడికి పోయినా కుర్చీలు వేశారు. "తమరు మాకు తప్పు చెయ్యడమేంటండీ, అంత మాటనకండి" అన్నారు. దండలు వేశారు. ఒకాయన ఏడ్చాడట. అబ్బ ఇంటికొచ్చేసరికి పోయినప్పటికంటే ఇంకో జానెడు పొడుగయ్యాడు.

"ఒక్కరన్న తప్పుంది అనలే" అన్నాడు కాళ్లు కడుక్కుంటూ.

"మాఫీ అడగ పోయిండ్రా, ఓట్లడగ పోయిండ్రా?" అంది అమ్మ.

అబ్బ నవ్వాడు. మెడలో దండ తీసి నా చేతికిచ్చి, అదే ఊపులో అమ్మ వైపు తిరిగి, "సరే, నువ్వు గూడ మాఫ్ జేసెయ్యి మరి" అన్నాడు.

"మాఫీ నేనియ్య" అంది అమ్మ.

అబ్బకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. అమ్మ తువాలు మడతపెట్టి తీగ మీద వేసింది. "ఏన్కూరు పోండ్రి. పరుపులాయన తోని మాఫ్ అనిపిచ్చుకోని రాండ్రి. ఆ తర్వాత నన్నడగండ్రి" అంది.

అబ్బకు వెంటనే యాదికొచ్చింది. అది నేను చూశాను. ఏ పరుపులాయన అని కూడా అడగలేదు. "నేను లేపలే. సైగ చేసిన. ఇమాము వెనకాల తెలిసినోళ్లు నిలబడాలె, ఇమాము సూరా మరిచిపోతే అందియ్యాలె. అందుకు" అన్నాడు.

"ఇన్నేండ్లల్ల మీరెప్పుడన్న అందిచ్చిండ్రా?"

ఖురాన్ మొత్తంలో అబ్బకు వచ్చింది నాలుగైదు చిన్న సూరాలే. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. అబ్బ దండను అక్కడే పడేసి లోపలికి పోయాడు.

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. అబ్బ మసీదు ఇమామును, మేం హజ్రత్ అనే ఆయనను, కలిసొచ్చాడు. కొత్త చాపలు వేయిస్తాను, ఫకీర్లకు అన్నం పెడతాను, సరిపోతుందా అని అడిగాడట. అబ్బ ఇచ్చే జీతం మీద బతికే మనిషాయన. తలవంచుకుని, "చాపలు మసీదుకైతయి సాబ్, అన్నం ఫకీర్లకైతది. ఆయనకేమైతది?" అన్నాడట. ఆ కోపమంతా అబ్బ మా మీద చూపించాడు. అన్నంలో ఉప్పెక్కువైందన్నాడు, గుండీ ఊడిందన్నాడు. అమ్మ ఉప్పు తగ్గించింది, గుండీ కుట్టింది, మాఫ్ అన్న మాట మాత్రం అనలేదు. నేను వీధి గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. అబ్బ మంచితనం మీద నాకు నమ్మకం ఉండాలని ఉంది. నమ్మలేకపోతున్నాను. హజ్‌కు పోయొచ్చి ఆయన హాజీసాబ్ అవుతాడు, ఆ మాట నేను కూడా అనాలి. లోపల ఇది పెట్టుకుని ఎట్లా అనను?

చివరికి ఒకనాడు పొద్దున్నే చెప్పులేసుకుని, "పా బేటీ" అన్నాడు. నన్ను తోడు పొమ్మన్నది అమ్మే. ఒక్కణ్ని పంపితే సగం దోవలోంచి వెనక్కొస్తాడని ఆమె అనుమానం.

కొత్తగూడెంలో బస్సు మారాం. అడవిలో రోడ్డు గుంటలుపడి నీళ్లు నిలిచాయి. అబ్బ నోట్లో ఏదో చదువుకుంటూ, మధ్యలో ఆపి కండక్టరును తిడుతూ, మళ్లీ చదువుకుంటూ ఉన్నాడు. ఏన్కూరులో దిగి అడిగితే ఇల్లు తేలిగ్గానే దొరికింది. ముసురుకు దూది చెమ్మబట్టి ఏకడం కుదరక, దూదేకే విల్లు గోడకు వేలాడుతోంది. పనిలేక పరుపులాయన చిరాగ్గా కూర్చుని ఉన్నాడు. ఆయన బిడ్డకు పెళ్లయి సత్తుపల్లి పోయిందట. భార్య మాకు పీట వేసి, చాయ్ పెట్టడానికి పొయ్యి దగ్గరికి పోయింది.

నేను ఆయనను సాధువనుకుని పోయాను. దెబ్బతిన్నవాళ్లంతా మెత్తనివాళ్లే అయి ఉంటారని ఎందుకనుకున్నానో! ఆయన కూర్చున్న తీరు చూస్తేనే తెలిసింది, ఈయన కూడా మా అబ్బకు తీసిపోడని.

"హజ్‌కు పోతున్న. కహా సునా మాఫ్ జెయ్యాలె" అన్నాడు అబ్బ, నిలబడే.

"దేనికి సాబ్?"

"అన్నిటికీ."

"అన్నిటికీ అంటే నాకు తెల్వదు. నాది ఒక్కటే ఉన్నది. అదేందో చెప్పండ్రి."

అబ్బ గోడకు వేలాడుతున్న విల్లు వైపు చూశాడు. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. చెప్పెయ్యి అబ్బా, ఒక్క మాట, అని నేను లోపల మొత్తుకుంటున్నాను.

"నీకు యాదున్నదేందో నువ్వే చెప్పు, దానికే అడుగుత" అన్నాడు అబ్బ.

పరుపులాయన గట్టిగా నవ్వాడు. "మాఫీ మీరడిగి, తప్పు నేను చెప్పాల్నా? గదేంది సాబ్! గిట్ల తలుపేసుకోని నా ఇంట్ల అడుగుడు గాదు. ఆడ జేసిండ్రు, ఆడనే అడగండ్రి. జుమ్మాకు నేనొస్త."

"వచ్చే శనారం నా రైలు."

"ఎల్లుండే గద జుమ్మా."

చాయ్ వచ్చింది. అబ్బ ఒక్క గుక్కలో నిలబడే తాగేసి బయటికి నడిచాడు. నాలుక కాలి ఉంటుంది.

బస్సు జూలూరుపాడు దాటింది. అబ్బ ఒక్కసారిగా, "నేను వాని కాళ్లు పట్టుకోవాల్నా? నలుగుర్ల?" అన్నాడు. ముందు సీట్లో వాళ్లు తిరిగి చూశారు.

"కాళ్లు పట్టుకొమ్మనలే అబ్బా. చేసింది చెప్పమన్నడు."

"రెండిట్ల ఏది సులువో నీకు తెల్వదు" అన్నాడు. అది నిజమే. కాళ్లు పట్టుకోమంటే అబ్బ పట్టుకునేవాడే. నలుగురూ చూసి కళ్లు తుడుచుకునేవాళ్లు. చేసిన పని పేరు పెట్టి చెప్పడమే ఆయన వల్ల కావడం లేదు.

శుక్రవారం వచ్చింది. వాన సన్నగా పడుతూనే ఉంది. అమ్మా నేనూ డాబా మీది రేకుల కింద నిలబడ్డాం. అక్కణ్నుంచి మసీదు లోపలి వరుసలు వీపుల వైపు నుంచి కనిపిస్తాయి. మనుషులు ఎక్కువైతే వరుసలు వాకిట్లోకి వస్తాయి, వాకిట్లో వానకు టార్పాలిన్ పట్టా కట్టి ఉంది. అబ్బ అందరికంటే ముందే పోయి మొదటి వరుసలో తన చోట కూర్చున్నాడు. రేపు ప్రయాణమని జనం బాగా వచ్చారు. ఖుత్బా, నమాజుకు ముందు ఇమాము చేసే ప్రసంగం, మొదలైంది. అబ్బ మాటిమాటికి మెడ తిప్పి వాకిలి వైపు చూస్తున్నాడు. ఖుత్బా వేళ అట్లా తిరగకూడదు. పరుపులాయన రాలేదు.

"రాడు. ఊరికే అన్నడు" అన్నాను.

"వస్తడు. ఆయనకు గూడ ఉన్నది గద రోషం" అంది అమ్మ.

ఖుత్బా అయిపోతుండగా వచ్చాడు. గొడుగు మూసి గోడకు ఆనించి, చెప్పుల పక్కనే, పట్టా అంచు కింద, చివరి వరుసలో కూర్చున్నాడు. ముందుకు రమ్మని ఎవరో చెయ్యి ఊపినా కదలలేదు. నమాజుకు అందరూ లేచి నిలబడ్డారు. అప్పుడు అబ్బ మొదటి వరుసలోంచి బయటికొచ్చాడు. మనుషుల మధ్యలోంచి ఒక్కొక్క వరుసా దాటుకుంటూ వెనక్కి వస్తున్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అబ్బ నేరుగా పరుపులాయన దగ్గరికి పోయి, చెయ్యి పట్టుకుని, ముందుకు రమ్మని మొదటి వరుస వైపు చూపించాడు. తన చోటును ఆయనకు ఇస్తున్నాడు. అందరి ముందూ ఇస్తున్నాడు. నాకు కళ్లు చెమర్చాయి గానీ, లోపలెక్కడో ఒళ్లు మండింది కూడా. మళ్లీ చీపురేనా అనిపించింది.

పరుపులాయన తల అడ్డంగా ఊపాడు. అబ్బ వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఇవ్వడానికి చోటు లేదు. నమాజులో ముందు వరుసలో ఖాళీ ఉంచకూడదు. అబ్బ బయటికి రాగానే రెండో వరుసలోంచి ఒకతను, మిల్లులో కాంట్రాక్టు కింద వెదురుబొంగు దించే అతను, ముందుకు జరిగి అక్కడ నిలబడ్డాడు. అతని చోటులోకి వెనకతను. అట్లా అన్ని వరుసలూ సర్దుకున్నాయి. అబ్బ ఎన్నో ఏళ్లుగా తనదనుకున్న జాగా ఆయన కోసం ఒక్క నిమిషం కూడా ఆగలేదు. అందరికీ తెలిసిన ఈ నియమం సదరుగారికే గుర్తులేదు.

ఇమాము చేతులెత్తాడు. అబ్బకు పరుపులాయన పక్కన, పట్టా బయట తప్ప ఎక్కడా చోటు లేదు. అక్కడే నిలబడ్డాడు. భుజానికి భుజం ఆనాలి కాబట్టి ఆనించాడు. వాన ఆయన కుడి భుజం మీద పడుతూనే ఉంది. సజ్దాలో నుదురు తడి నేలకు ఆనింది. లేచినప్పుడు టోపీకి బురద అంటుకుని ఉంది, తుడుచుకోలేదు.

నమాజు చివర తల అటూ ఇటూ తిప్పి సలాము చెప్పాక అందరూ లేస్తున్నారు. అబ్బ లేవలేదు. పరుపులాయన వైపు తిరిగి ఏదో చెప్పాడు. మాకు వినపడలేదు. అబ్బ చెయ్యి గుండె మీదికి పోలేదు, తొడ మీదే ఉంది. చుట్టూ పోయేవాళ్లు ఆగి విన్నారు. పరుపులాయన విన్నంతసేపూ నేల వైపు చూశాడు. తర్వాత లేచి, గొడుగు తెరుచుకుని వెళ్లిపోయాడు.

అబ్బ తడిసిపోయి ఇంటికొచ్చాడు. మేం మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాం.

"ఏం జెప్పిండ్రు?" అంది అమ్మ.

"నీ జాగల కెల్లి నిన్ను లేపిన, నువ్వు దూదేకులోనివని లేపిన అని చెప్పిన."

ఆ రెండో మాట ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

"మాఫ్ అన్నడా?"

"అనలే. సలాం చెప్పిండు. బస్సుకు ఆలస్యమైతది అన్నడు."

నాకు బస్టాండు దాకా ఉరికి ఆయనను చెయ్యి పట్టి లాక్కొచ్చి అనిపించాలని ఉంది. ఇంతచేసి ఆ ఒక్క మాట అననందుకు ఆయన మీద కోపమొచ్చింది. అబ్బ మాత్రం కోప్పడలేదు. నడవాలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. "ఆయన అనకపోతే నా హజ్ ఏమైతది?" అన్నాడు. ఊళ్లో అందరికీ దీన్ సంగతులు చెప్పే మనిషి, నిజంగా తెలియక అడిగాడు.

"నాకేం తెల్సు. ఆడికే పోతున్నరు గద, ఆడనే అల్లానడగండ్రి" అంది అమ్మ. గొంతులో కోపం లేదు.

పెట్టెలు కట్టి గుమ్మం పక్కన పెట్టి ఉన్నాయి. అబ్బ వాటి మీంచి అమ్మ వైపు చూపు తిప్పి, "కహా సునా..." అని మొదలుపెట్టి ఆపేశాడు.

మా మామ, అమ్మ ఒక్కగానొక్క తమ్ముడు, నేను చిన్నగా ఉన్నప్పుడు ఖమ్మం దవాఖానాలో పోయాడు. అమ్మ చేరేసరికి మట్టి చెయ్యడం అయిపోయిందని మాత్రం నాకు తెలుసు.

"నీ తమ్ముడు దవాఖానాల ఉన్నడని కబురొచ్చిన రోజు, లారీ ఏదీ ఖాళీ లేదని చెప్పిన" అన్నాడు అబ్బ. "ఒకటి ఖాళీగనే ఉండె. మాటల్లేనప్పుడు వాళ్లింటి దిక్కు మనం ముందు పోవుడేంది అనుకున్న."

అమ్మ తువాలు తెచ్చి ఆయన చేతికిచ్చి, ఎదురుగా కింద కూర్చుంది.

"నాకు తెల్సు" అంది. "ఇంకోటి చెప్పండ్రి."